ఎర్రగుడ్డ లేని ఫోటో

బేతంచెర్ల అవతల మూతపడిన నాపరాళ్ల గని. దొరలనాటి రాతి ఆఫీసు మెట్ల మీద ధనుంజయ. కాస్త దూరంలో, గోడ దగ్గర, కెమెరాతో అతని కొత్త పెండ్లాం రమణి. సాయంత్రం.

"వచ్చిందప్పా, వచ్చింది! పాత కట్టడాల పోటీలో ఈ ఆఫీసును తీసిన మన ఫోటోకే మొదటి బహుమతి!"

"నిజంగానా? రమణీ, ఎగరొద్దు, కెమెరా పడతాది."

"ఎగురుతా! పెండ్లయి ఇరవై దినాలు కాలేదు, అప్పుడే బహుమతి. కోడలి కాలు మంచిదని మీ అమ్మకు చెప్పు."

"చెప్తాలే. ఈ మెట్టు మీదనే నిలబడతా, నన్నొకటి తియ్."

"ఆగు, ఈ గుడ్డతో లెన్సు తుడుస్తా."

"ఓ అప్పా! ఓ పాపా! కదలొద్దండి! యాడున్నోళ్లు ఆడనే నిలబడండి!"

"ఎవరు నువ్వు? ఎందుకట్ల అరుస్తాండావు?"

"ఈ గనికి కాపలావాణ్ణి, నా పేరు ఉరుకుందు. పాపా, నీ చేతిలో ఎర్రగుడ్డ యాడిది?"

"ఇదా తాతా? పోయిన వారం ఈడనే కట్టెకు కట్టి ఉండె. ఫోటోకు అడ్డమని పీకేసినా. మెత్తగా ఉందని ఉతికి పెట్టుకున్నా."

"కట్టె కూడానా?"

"ఊఁ. ఏం తాతా?"

"గని మూసేముందు ఈ ఆఫీసు ఇంటి కింద రాయికి గూడా పేలుడు మందు పెట్టిరి. ఒక గుంత పేలలేదు. దాని గుర్తమ్మా ఆ గుడ్డ! పది దినాలు ఆసుపత్రిలో పడింటి, ఇప్పుడే వస్తాండా."

"గుంత యాడ?"

"అంతా దుమ్ము కమ్మింది. పీకినదానివి, నువ్వే చెప్పాల."

"రాయంతా ఒకటే మాదిరి ఉండాది... కుడిపక్కనో... ఎడమో..."

"రమణీ, గుడ్డ ఉన్న ఫోటో తీసింటివి గదా?"

"బాగలేదని చెరిపేసినా. చెరిపేసినా ధనుంజయా!"

"ఏడవొద్దు. నా ఫోన్లో ఒకటి ఉండాది. నీకు తెలీకుండా నిన్ను తీసినా."

"ఇంటిని తియ్యమంటే ఎప్పుడూ నన్నే తీస్తావు! చూడు, తొందరగా చూడు."

"నవ్వుతాండావు. నీ వెనక కట్టె. కట్టె పక్కన విరిగిన మెట్టు."

"విరిగిన మెట్టు యాడుండాది?"

"ఆగు, కిందికి చూసుకుంటా."

"చెప్పప్పా!"

"నా కాలి కింద."

"అప్పా, కాలు ఈడ్చొద్దు. మెల్లగా ఎత్తు. వాకిలి లోపలికి పెట్టు. ఆఁ... ఇంకోటి. వెనక వాకిట్లో నుంచి చుట్టుకొని రా."

"వస్తాండాడా తాతా? నేను కండ్లు మూసుకున్నా."

"తెరువు. వచ్చినా. పేరు పెట్టి పిలిచినావే నన్ను?"

"పిలిచినానా?"

"పిలిచినావు. నీ ఫోన్ మోగుతాండాది, చూడు."

"పోటీ వాళ్లే. మన ఫోటో ఊరంతా పంపినారంట. రేపు పది గంటలకు బస్సులో నలభై మంది వస్తారంట, ఆ మెట్ల మీద ఫోటో దిగేదానికి."

"రావద్దని చెప్పు!"

"చెప్తా. ఫోటో చూసి సొంతంగా వచ్చేటోళ్లకు ఎవరు చెప్పాల? తాతా, ఈ పేలిక చాల్తాదా?"

"వెలిసిపోయింది గదమ్మా. దూరానికి కనపడదు."

"మా నాయన కోడుమూరులో నేసిన పెండ్లిచీర ఉండాది. ఎర్రది. రేపు తెల్లారుతూనే తెచ్చి మెట్ల ముందంతా అడ్డం కడతా. ఎవరు ఫోటో తీసినా, అది పడాల."