ఎర్నెస్టీన్ తిట్టిన తిట్టు

సభాధ్యక్షులు పాస్టర్ మాబ్రీ గారికి, ముందు వరసలో విసనకర్రలు ఊపుకుంటూ వీడెప్పుడు ఆపుతాడా, కోడి వేపుడు ఎప్పుడు వడ్డిస్తారా అని చూస్తున్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన హెడ్మిస్ట్రెస్ ఎర్నెస్టీన్ టాలివర్ గారు ఎంత మృదుభాషిణో ఇందాకటి నుంచీ అందరూ చెబుతున్నారు. అయ్యా, నేనొప్పుకోను. నా జన్మలో ఆవిడ తిట్టినంత ఘోరంగా నన్నెవరూ తిట్టలేదు. నవ్వకు లూథర్, నీ నెత్తిన కెచప్ సీసా బోర్లించింది కూడా ఈవిడే! (నవ్వులు)

పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం, అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ళూ మనమూ ఒక్కచోట కూర్చోకూడని రోజులు. మన నల్లవాళ్ళకు సామాన్లన్నీ అమ్మి, కాఫీ మాత్రం పొయ్యని ఒక కొట్లో, తెల్లవాళ్ళు మాత్రమే తినే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని తీరాలని కాలేజీ పిల్లలం నిశ్చయించుకున్నాం. కొట్టినా తిరిగి కొట్టకూడదు. ఒక్కడు చెయ్యెత్తితే చాలు, అందరి ఎముకలూ విరుగుతాయి, పైగా రౌడీలమని పత్రికల్లో రాస్తారు. అందుకని ఈ చర్చి కింది గదిలోనే సాధన చేసేవాళ్ళం. కొందరం కుర్చీల్లో కూర్చుంటే, కొందరు తెల్లవాళ్ళ వేషం కట్టి, జుట్టు పీకి, నెత్తిన కెచప్ పోసి, మొహాన పొగ వదిలి, నోటికొచ్చినట్టు తిట్టాలి. ఆ వేషానికి అందరూ జంకితే ఎర్నెస్టీన్ ముందుకొచ్చింది.

నాకేమో ముక్కుమీద కోపం. రెండుసార్లు లేచి కలబడ్డాను. "ఇంటికి పోరా క్లోవిస్, నువ్వొస్తే అందర్నీ చంపిస్తావు," అంది. ఇంకొక్క అవకాశం ఇమ్మని బతిమాలాను. అప్పుడు, ఇళ్ళల్లో బట్టలుతికి నన్ను చదివిస్తున్న మా అమ్మ మీద ఒక మాట అంది. అదేమిటో ఇక్కడ చెప్పను. కుర్చీ అంచు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. వెంటనే నా మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది. "క్షమించరా, నీకెక్కడ తగులుతుందో తెలిసే అన్నాను!"

వారం తిరక్కుండానే కౌంటర్ దగ్గర ఒకడు నా మెడమీద ఉమ్మి, సరిగ్గా ఆ మాటే అన్నాడు. పిడికిలి బిగిసింది. అంతలో ఈ పిల్ల ఏడుపు చెవిలో వినబడింది. పిడికిలి విప్పాను. వెళ్ళినవాళ్ళందరం ప్రాణాలతో జైలుకెళ్ళాం! (చప్పట్లు)

మొన్న ఈవిడే ఫోన్ చేసి, "ఏమైనా చెప్పుకో గానీ ఆ సంగతి ఎత్తకు క్లోవిస్, ఇప్పటికీ మీ అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళలేను," అంది. పిచ్చిదానా! సాధన ముగిసిన ఆ సాయంత్రమే అమ్మకు చెప్పేశాను. అమ్మ చేతిలో బట్ట పిండి పక్కన పెట్టి, "ఆ పిల్ల ఎంత కుమిలిపోతోందో ఏమో, ఆదివారం భోజనానికి తీసుకురా. నాకు తెలుసని మాత్రం చెప్పకు, చెప్పావంటే మన గడప తొక్కదు," అంది. చదువయ్యేదాకా ప్రతి ఆదివారం మా బల్ల దగ్గర తలొంచుకుని తిన్నావే, తెలిసే పెట్టింది ఎర్నెస్టీన్, తెలిసే కొసరి కొసరి పెట్టింది.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.