రెండంగుళాలా, నాలుగా

స్ప్రింగుల దుకాణం. కౌంటరుకు అవతల వదిన, ఇవతల మరిది. అతని జీపు వెనక షెడ్డులో ఉంది.

"మళ్ళీ అడుగుతున్నా చిన్నోడా. స్పేసర్లా, స్ప్రింగులా?"

"ఏదైతేనేం వదినా. బండి ఎత్తు పెరగాలి, అంతే."

"అంతే అంటే కుదరదు. స్పేసరంటే ఇదిగో, ఈ దిమ్మ. పాత స్ప్రింగు నెత్తిన దీన్ని పెడతాం. బండి లేస్తుంది, నడక మాత్రం పాతదే. స్ప్రింగే మారిస్తే నడకా మారుతుంది. అందుకే బరువు అడుగుతాను. ఏం మోస్తావు, ఎవరిని ఎక్కిస్తావు, డాక్టరుకి చెప్పినట్టు దాచకుండా చెప్పు."

"అడుగు. అన్నయ్య లేడుగా?"

"ఏం, ఆయనుంటే చెప్పలేని బరువులా?"

"ఊరికే అడిగా."

"అయితే ఊరికే చెప్పు. ముందు ఏముంది?"

"ఇనప బంపరు. దాని మీద బురదలోంచి లాక్కునే వించి."

"ముందు గట్టి స్ప్రింగు పడాలి. వెనక?"

"స్టెపినీ, నీళ్ళ క్యాను, గుడారం."

"మనుషులు?"

"గుడారం చిన్నదే వదినా. తేలిక."

"గుడారం సంగతి అడగలేదు. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ లేరు. ఖాళీ."

"ఖాళీయా?"

"ఖాళీ అనుకో."

"నేను అనుకుంటే స్ప్రింగు ఒప్పుకోదుగా. మనిషి ఉన్నాడనుకుని గట్టిది వేశామా, ఖాళీగా పోతుంటే ప్రతి గుంటకీ ఎగిరెగిరి పడుతుంది. లేడనుకుని మెత్తది వేశామా, మనిషి ఎక్కగానే బండి వెనక్కి చతికిలబడుతుంది. ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టు."

"సరే, లేనట్టు. ఎత్తెంత?"

"నాలుగంగుళాలు."

"నాలుగా? నీతో జీపులేసుకుని తిరిగే మీ వాళ్ళంతా రెండే వేయించుకున్నారుగా. నేనేగా వేసింది."

"నాకు నాలుగు కావాలి."

"నాలుగంటే షాకబ్జార్బర్లు పొడుగువి కావాలి. బ్రేకు గొట్టాలు చాలవు, అవీ మార్చాలి. మలుపులో బండి ఒరుగుతుంది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాలి. ఇంతా చేసి, నువ్వు పోయేది రెండంగుళాలవాళ్ళు పోయే దారినే. ఎందుకూ?"

"రాళ్ళు వదినా. బండి అడుగు తగుల్తోంది."

"తగిలితే ఒక్క గీతైనా పడాలిగా. ఇందాకే చూశాం. అద్దంలా ఉంది."

"చూశాం అంటే? ఇంకెవరు చూశారు?"

"షెడ్డులో పని చేసేవాళ్ళు చూడరా ఏంటి. సరే, నీ బండి, నీ ఇష్టం. నాలుగంగుళాలవి పక్కన తీసే ఉన్నాయి."

"నేను అడక్కముందే తీశావా?"

"ఉన్నాయిలే. ఎక్కడానికి పక్కన మెట్టు వేయనా? మడత మెట్టు. ఎక్కాక పైకి లేపేసుకోవచ్చు."

"వద్దు."

"తలుపు దగ్గర పట్టుకోడానికి ఇంకో కడ్డీ?"

"వద్దు. ఉన్నదే తీసేయమందామనుకున్నా."

"అది వేయించింది మీ అన్నయ్య."

"తెలుసు."

"మోకాలు మడత పడ్డం మానేశాక వేయించుకున్నాడు. క్లచ్చు తొక్కలేక తాళాలు నీ చేతిలో పెట్టి, తన బండిలో తనే వెనక సీటుకి పోయాడు."

"తెలుసు వదినా. నాకేదో తెలియనట్టు చెప్తావేంటి."

"తెలిసినవాడివి నాలుగంగుళాలు లేపమంటావు, మెట్టొద్దంటావు, కడ్డీ పీకేయమంటావు. ఆయన రెక్కలు కట్టుకుని ఎక్కాలా?"

"వెనక ఏంటా చప్పుడు? నేనింకా ఏదీ తేల్చలేదు, అప్పుడే విప్పేస్తున్నారా?"

"ఏది వేసినా పాతవి విప్పాల్సిందే. మాట మార్చకు. ఆదివారం వాగు దాటడానికి పోతున్నారటగా. ఆయన్ని రమ్మన్నావా?"

"అనలేదు."

"రావొద్దన్నావా?"

"అదీ అనలేదు."

"ఆ మాట బండితో అనిపిస్తున్నావన్నమాట."

"అంత మాటనకు వదినా."

"ఎంత మాట? కొలత తప్పితే చెప్పు, సరిచేసుకుంటా."

"తప్పలేదు. అలా చూడకు. ఆయన ఊరుకోడు వదినా. వెనక కూర్చుని ఎడమకి కొయ్యి, గేరు దించు, క్లచ్చు మీద కాలెందుకురా అని ఒకటే పోరు. అందరూ చూస్తుంటారు. మా వాళ్ళు నన్ను డ్రైవరు గారూ అని పిలుస్తున్నారు తెలుసా? డ్రైవరు గారూ, ఓనరు గారు ఏమంటున్నారూ అని."

"ఆయన చెప్పేది తప్పా?"

"తప్పయితే బాగుండేది. ఆయన చెప్పినట్టు తిప్పితేనే బండి బయటపడుతుంది. నా ఖర్మ అది."

"పోనీ, వాళ్ళు నవ్వితే నీ సొమ్మేం పోయింది?"

"వాళ్ళు నవ్వడం కాదు."

"మరి?"

"ఏం లేదులే. స్ప్రింగుల సంగతి చూడు."

"స్ప్రింగుల సంగతే చూస్తున్నా. చెప్పు."

"పోయినసారి గుట్ట దగ్గర ఆగాం. ఆయన టైర్లలో గాలి చూడ్డానికి దిగాడు. ఆయన అటు తిరగ్గానే మా వాడొకడు ఆయన నడక నడిచి చూపించాడు. కాలీడ్చుకుంటూ. క్లచ్చు మీద కాలెందుకురా అంటూ, అచ్చం ఆయన గొంతుతో."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకున్నా బాగుండేది."

"కొట్టావా?"

"నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను వదినా. నవ్వకపోతే నన్నూ ఆయనతో జమకట్టేస్తారని. తోడబుట్టినవాణ్ణి, నేను నవ్వాను. అప్పట్నుంచీ ఆయన ఆ కడ్డీ పట్టుకుని ఎక్కుతుంటే చూడలేకపోతున్నా. ఆయన మీద కోపమొస్తోంది. ఎందుకో తెలీదు, ఆయన మీదే వస్తోంది."

"ఆయన చూశాడా?"

"లేదు. టైరు దగ్గర వంగి ఉన్నాడు. చూసుండడు. చూస్తే ఏదో ఒకటి అనేవాడుగా. దారంతా మామూలుగానే ఉన్నాడు."

"గేరు దించమన్నాడా?"

"ఏంటి?"

"తిరిగొచ్చేటప్పుడు. ఎడమకి కొయ్యమనీ, గేరు దించమనీ అన్నాడా?"

"అనలేదు. నిద్రొస్తోందని కళ్ళు మూసుకున్నాడు."

"జీపులో ఆయన నిద్రపోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు."

"వదినా, ఆయన నీతో ఏమైనా అన్నాడా?"

"నన్నడక్కు. నీకు ఏ స్ప్రింగు కావాలో అది చెప్పు."

"నాలుగు వద్దు."

"మరి?"

"రెండు. మా వాళ్ళందరికీ వేసినవే. రెండైతే ఆయన ఎక్కగలడా?"

"కాస్త మూలుగుతాడు. కడ్డీ పట్టుకుని ఎక్కేస్తాడు."

"మెట్టు కూడా వెయ్యి. కడ్డీ ముట్టుకోకు. వెనక గట్టి స్ప్రింగు."

"మనిషి ఉన్నట్టా?"

"ఉన్నట్టు. ఆదివారం నేనే రమ్మంటా. మా వాళ్ళు ఏమన్నా అననీ. మళ్ళీ ఎవడైనా ఆ నడక నడిచాడో, వాణ్ణి అక్కడే దింపేసి వస్తా."

"నోటితో అంటావా, మళ్ళీ బండితో అనిపిస్తావా?"

"నోటితోనే. ఇప్పుడే ఇంటికెళ్ళి అడుగుతా. నీకు దణ్ణం పెడతా వదినా, ఇక్కడ నేను వాగిందేదీ ఆయన చెవిన వెయ్యకు. సిగ్గుతో చచ్చిపోతున్నా."

"నేను చెప్పనులే. ఇంటిదాకా ఎందుకు, షెడ్డులోకి వెళ్ళు."

"షెడ్డులో ఏముంది?"

"ఇందాకట్నుంచీ నీ బండి కింద పడుకుని బోల్టులు విప్పుతున్నది ఎవరనుకున్నావు? కాలు చాపుకుని చేసే పనికి మోకాలు అడ్డం రాదుగా."

"అన్నయ్యా? లేడన్నావుగా."

"నేనెప్పుడన్నాను? నువ్వు అడిగావు, నేను ఎదురడిగాను."

"మన మాటలు విన్నాడా?"

"ఆ సుత్తి చప్పుడులో తన మాటే తనకి వినపడదు. పద, నాతో రా. ఏవండీ. ఏవండీ, ఆ సుత్తి కాసేపు ఆపండి. మీ తమ్ముడొచ్చాడు. రెండంగుళాలు చాలంటున్నాడు."

"వద్దొద్దు. నిన్న నేను తీసి పక్కన పెట్టానే, ఆ నాలుగువే పట్రా. రెండైతే నేనెక్కేస్తాను."