హెల్వక్క ఇంటి ఉత్తరం గోడ

ఆ నాచు ఇంకా తడిగా ఉంది కదమ్మాయ్. గోడ దుంగల మధ్య సందుల్లో అలా కుక్కితే క్రిస్మస్ నాటికి కుళ్ళిపోతుంది. ఎండబెట్టిందే పెట్టాలి. కానీ, కానీ, చేసుకో, నేనిలా కూర్చుంటాను. ఎవరు నేర్పారంటావా? ఇంకెవరు, హెల్వక్క. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అక్టోబరు వచ్చిందంటే ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆవిడ చేతికి అప్పగించాల్సిందే. కిటికీలకి రెండో వరస అద్దాలు బిగించేది, రై పిండి జిగురులా ఉడకేసి సందులకి కాగితం పట్టీలు అంటించేది, గోడల్లో నాచు కూరేది. మా అమ్మ "ఏం హెల్వీ, ఈగ దూరే సందైనా ఉంచవా?" అంటే, "చలికాలంలో ఈగకి మీ ఇంట్లో ఏం పని పిన్నీ?" అనేది. అబ్బో, నోరు! నన్నైతే "ఒరేయ్ ఒస్కారీ, నువ్వు పెట్టిన నాచు ఎలకలకి పరుపురా" అని నలుగురిలో అనేసేది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, మీసాలొచ్చినవాణ్ణి, ఎలా ఉంటుంది చెప్పు.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఆవిడ మొగుడు తావెత్తి. మంచి మనిషి, మాట తక్కువ. ఓ నవంబరులో సరస్సు మీద మంచు గట్టిపడిందనుకుని వలలు చూడ్డానికి వెళ్ళాడు. మంచు విరిగిన చోటు కనబడింది, టోపీ కనబడింది, మనిషి దొరకలేదు. ఇంక మే నెలలో కరిగాకే అన్నారు. ఆ చలికాలమంతా మొగుడు మంచు కింద, ఆవిడేమో ఆ ఒడ్డునే ఉన్న ఇంట్లో. తొమ్మిదో రోజు నుంచి మొదలైంది. మధ్యాహ్నం మూడింటికి, చీకటి పడే వేళకి, ఉత్తరం గోడ మూల రెండు దుంగల మధ్య నుంచి గాలి. ఊరందరి ఇళ్ళ సందులూ మూసిన మనిషి ఇంట్లో! నాచు కూరేది, మర్నాటికి అది తడిసిపోయి గది మధ్యలో పడుండేది. బయటికి కాదమ్మా, లోపలికి. ఉన్ని పెట్టింది, నార పెట్టింది. ఊహూఁ. ఓ రోజు పాలు పొయ్యడానికెళితే నా చెయ్యి పట్టుకుని, "గాలి కాదురా, ఆయనే. 'తియ్యవే హెల్వీ, తియ్యి' అంటున్నాడు. తలుపు తీస్తే లోపలికొచ్చేస్తాడు. నీళ్ళలో ఉన్న మనిషికి ఎలా తియ్యనురా?" అంది. నేను విన్నానా అంటే... ఆ గది గుమ్మం దాకా వెళ్ళాను. అంతే. ధైర్యం చాల్లేదు.

ఆఖరికి తావెత్తి చొక్కానే ఆ సందులో కుక్కి, పైన చెక్కపట్టీ పెట్టి నాలుగు మేకులు కొట్టింది. ఆగింది. గాలీ ఆగింది, మాటా ఆగింది. మూడో రోజు పట్టపగలు పన్నెండింటికి పాలతో వెళితే, పిలిచినా పలకదు. తలుపు చుట్టూ మందంగా ఉన్ని దూర్చేసుకుంది, భుజం పెట్టి తోస్తే గానీ రాలేదు. లోపల ఒకటే వెచ్చదనం. క్షణంలో నా తల బరువెక్కిపోయింది. అప్పుడర్థమైంది. పొయ్యిలో నిప్పులు ఆరకముందే, వేడి పోతుందని పొగగొట్టానికి అడ్డం వేసే ఇనప పలక మూసేసింది. ఆ విషగాలి పోవడానికి ఇంట్లో సూదిమొనంత సందు లేదు. పలక లాగిపడేసి చూస్తే, ఆవిడ ఉత్తరం గోడ కింద పడి ఉంది. చొక్కా గుండెల మీద. చెక్కపట్టీ పక్కన. మేకులు నాలుగూ తిన్నగా ఉన్నాయమ్మా, ఒక్కటీ వంకరపోలేదు. సందులోంచి చల్లగాలి సూటిగా మొహానికి కొడుతోంది, పెదాల మీద మంచు పొడి. దానివల్లే బతికింది. నేను గోడ వెనక్కి వెళ్ళి చూశాను. మోకాలి లోతు మంచు. ఒక్క అడుగు జాడ లేదు.

తెలివొచ్చాక ఒకటే ఏడుపు. "తలుపు కాదురా ఒస్కారీ, పలక! రోజూ తొందరపడి మూసేస్తున్నాను కదా, పలక తియ్యమన్నాడు. నేనేమో ఆయన నోట్లో గుడ్డ కుక్కాను." మేలో మనిషి దొరికాడు, చర్చి దగ్గర పాతిపెట్టాం. అయినా ఆ సందులోంచి మాట ఆగలేదుట. ఇరవయ్యేడేళ్ళు ఆ సందు మూయలేదావిడ. గదిలో కోటు వేసుకుని, మూడింటికి కాఫీ పట్టుకుని గోడ దగ్గర చేరేది, "మీ చెల్లెలికి మనవడు పుట్టాడయ్యా" అనుకుంటూ. జనం నవ్వేవాళ్ళు.

తర్వాత న్యుమోనియా వచ్చింది. "ఈ చలిగాలిలో ఈవిడ బతకదు, ఆ సందు మూసెయ్యండి" అన్నాడు డాక్టరు. నేనే మూశాను. ఆవిడ జ్వరంలో మగతగా పడుకుని ఉంటే, నాచు కూరి, పైన తారు పూశాను. మూడు కొట్టేసరికి కళ్ళు తెరిచింది. గోడ వైపు తల తిప్పింది. "ఆయనేదో చెబుతున్నాడురా, వినపడ్డం లేదు" అంది. "జ్వరం తగ్గనీ అక్కా, రేపు నేనే తీసేస్తాను" అన్నాను. "ఇవాళ చెప్పేది రేపు చెబుతాడా?" అంది.

మర్నాడు పొద్దున్నకి పోయింది. జ్వరమే అన్నాడు డాక్టరు. అయ్యుంటుంది. ఉలి నా సంచీలోనే ఉందమ్మాయ్, చెయ్యి చాపితే అందేది. ఆ రోజు ఆయన ఏం చెప్పబోయాడో...

ఆ కెటిలు ఇలా అందుకో. కాఫీ చల్లారిపోయింది.