రచయితగారి రైలు

అబ్బబ్బ, కదలకండి రావుగారూ! మీసానికి గమ్ము ఇప్పుడే పెట్టినాను. అది ఆరీదాకా నోరిప్పకండి, ఏటీ అనుకోకండి. మన తెలుగు సంఘానికి సెక్రెట్రీ మీరే, ఈ నాటకంలో హీరో మీరే, ఆ ఫోనూ మీకే మోగుతాది. ఇలాగిచ్చీండి, నా జేబులో ఏసుకుంటాను.

ఏటి, రచయితగారి గురించేనా ఆ కంగారు? రైలు లేటేమో. శాలువా ఎక్కడికీ పారిపోదు కదా!

గడ్డం కాస్త పైకెత్తండి. ఆఁ, అలాగ.

మా అబ్బాయి సూరజ్ లేడూ, నిన్న అడుగుతాడూ, "పాపా, ఆప్‌కా అస్లీ కామ్ క్యా హై?" అని. నా అసలు పని ఏటంట! ఏటని సెప్పమంటారు? టెక్కలి నుంచి పంతొమ్మిదో ఏట ఈ హిందీ ఊరు వచ్చినాను. కాంట్రాక్టరు కింద పైపులకి ఎర్ర ప్రైమరు కొట్టినాను. అది పోతే ఇక్కడే మాంగో అనీ పేట బజార్లో దుకాణాల బోర్డులు. హిందీ ముక్క రాదు నాకు! అక్షరాన్ని బొమ్మలాగ గీసీవోణ్ణి. అలాగ రాసి రాసే హిందీ వచ్చింది. ఫ్లెక్సులొచ్చి బోర్డులు పోనాయి. సరే, కంప్యూటర్ నేర్సుకుని ఆ ఫ్లెక్సులే నేను సేత్తన్నాను. దసరాకి రామ్‌లీలా వోళ్లకి పది తలకాయలూ నేనే కడతాను, బెంగాలీ నాటకాలకి గెడ్డాలు, మన సంఘానికి మొహాలు.

పైపునైనా మొహాన్నైనా ముందు శుభ్రంగా తుడవాలండి, లేపోతే రంగు నిలవదు. నవ్వకండి, ముడతలు పడిపోతాయి!

హాయిగానే బతికినాను. ఒక్కటే మనసులో ఉండిపోనాది. పదిహేనేళ్ల కిందట ఓ నాటకం రాసి మీ సేతిలో పెట్టినాను, గేపకం ఉందా? రెండు పేజీలు తిప్పినారు. "ఆదిబాబూ, నువ్వు రంగులు బ్రహ్మాండంగా వేస్తావు. నాటకం మాత్రం ఆంధ్రా నుంచి రావాలయ్యా. ఇక్కడి నీళ్లు తాగి మనం తెలుగేం రాస్తాం?" అన్నారు. అందరి ముందూ. ఆ రోజు బిర్సానగర్లో మా ఇంటిదాకా సైకిలు తొక్కుకుంటూ ఏడిసినాను.

కళ్లు మూయండి, కాటుక.

మరి ఈ యేడు విశాఖపట్నం నుంచి పోస్టులో ఈ నాటకం వత్తే ఎంత మురిసిపోనారు! "చూడండయ్యా, అసలైన తెలుగంటే ఇదీ" అని కమిటీలో సదివి వినిపించినారు. మూడో సీన్లో తల్లి, "ఆ రంగు సేతుల్తోనే తినీరా, ఏటీ అవదు" అంటాది కదా, ఆ ముక్క మీరు రెండుసార్లు సదివినారు.

ఆ మాట మా అమ్మదండీ. కిరసనాయిలు పెట్టి తోమినా రంగు పోక నేను కంచం ముందు దిగాలుగా కూకుంటే అన్నాది. ఇక్కడే, బిర్సానగర్లో.

అరరే, కదలొద్దన్నానా!

అవును, నేనే రాసినాను. అదే నాటకం. మీరు రెండు పేజీలు తిప్పి ఇచ్చీసినదే. ఒక్క అక్షరం మార్సలేదు. తన పేరు పెట్టి పోస్టు సేసింది మా బావమరిది నీలకంఠం. మీరు ఫోన్లో "గురువుగారూ, గురువుగారూ" అన్నది ఆడినే. గాజువాకలో టైర్లకి పంచర్లేత్తాడు. మీ ఫోనొత్తే పాపం లేచి నిలబడిపోయీవోడంట!

తప్పే. మోసమే, ఒప్పుకుంటన్నాను. కానీ నిజం సెప్పండి, నా పేరుంటే మూడో పేజీ తిప్పీవోరా?

ఆఁ, మొదటి బెల్లు. లెగండి, బాగున్నారు. మైకులో రచయిత పేరు సెప్పీది మీరే. నీలకంఠం అంటారో, ఆదిబాబు అంటారో, మీ దయ. నా పేరు వినాలనే ఉంది, ఎందుకు దాసడం? అనకపోనా రేపు పొద్దున్న ఫ్లెక్సు పని ఉండనే ఉంది.

ఒక్క మాట. ముందు వరసలో "రచయితగారికి" అని కాగితం అంటించిన కుర్చీ ఉంది సూడండి. ఆ కాగితం తీసీసి మా ఆవిడ గౌరీదేవి కూకుంది, పట్టు కోక కట్టుకుని. పదిహేనేళ్లు ఆ రాతని ట్రంకుపెట్టెలో దాసింది ఆవిడే.

ఆవిడని మాత్రం లేపకండి.