మూడు పాటల అన్నం

"నాయినమ్మా, గోడకు గడియారం ఉంది, చేతిల సెల్లుంది. పాట పెట్టుకొని అన్నం వండుడేంది?"

నవ్వు బిడ్డా, నవ్వు. గని ఆ పాట మార్చకు, ఇంకా మొదటి పాటనే, సగంల ఉన్నది. నువ్వు వేలు పెట్టి ఇట్ల తోసేస్తవ్, నా ఎసరు లెక్క తప్పుతది. కూసో. ఆ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట ఇను.

నాకు అక్షరాలు ఎప్పుడొచ్చినయో ఎరికేనా? అరవై దాటినంక. మెస్సుకు తినొచ్చే కోచింగ్ పిల్లలే నేర్పిన్రు, బోర్డు మీద పప్పు, పులిహోర అని రాయిపిచ్చుకుంట. గడియారం చూసుడు గూడ గప్పుడే. అంతకు ముందు నాకు టైమంటే రేడియోనే. మీ తాత మమ్మల్ని నల్గొండ దిక్కు నుంచి తోలుకొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌ల రూము కిరాయికి తీసుకున్నప్పుడు కొన్న... కాదు కాదు, అది పాడైంది. ఇది మీ పెద్దత్త పెండ్లప్పుడు కొన్నది. సరే, ఏదైతేంది. చైతన్యపురిల మెస్సు పెట్టినప్పుడు ఆ రేడియోను వంటింట్ల సజ్జ కింద మేకుకు తగిలిచ్చిన.

పొద్దుగాల ఒక ఎఫ్ఎంల, నడ్మ ఏ అడ్వర్టైజు లేకుంట మూడు పాటలు వరుసగ వేస్తుండె. మొదటి పాట అందుకోంగనే మసిలే ఎసట్ల బియ్యం పోసేదాన్ని. రెండో పాటకు చారుకు పోపు. మూడో పాట ఒడుస్తున్నదంటే మసిగుడ్డ చేతికొచ్చేది, పాట ఆగంగనే గంజి వంచేదాన్ని. ఏండ్లకేండ్లు అట్లనే నడిచింది. మెతుకు దేనికదే ఇడిగ ఒచ్చేది. సోనామసూరి అప్పుడు గింత పిరమా? ఇప్పుడైతే మూట దిక్కు చూడాల్నంటేనే భయమైతది. ఏదో చెప్తున్న... ఆఁ, పాటలు.

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులు, రోడ్డంత దుమ్ము. ఒకరోజు పిల్లలు అన్నం కలుపుకుంట ఒకరి మొకాలు ఒకరు చూసుకుంటున్నరు.

"ఆంటీ, అన్నం పలుకున్నది" అన్నడొకడు.

"ఫౌండేషన్ కోర్సు అన్నంరా, గట్టిగనే ఉంటది" అన్నడు పక్కోడు.

అందరు నవ్విన్రు. మరునాడు గూడ గంతే. ఆ మరునాడు గూడ. ఇగ బియ్యం దుకాణం యాదగిరి మీదికి పోయిన.

"సన్న బియ్యంల దొడ్డువి కలిపినవ్ గదరా!"

"అక్కా, నా బియ్యంల రాయి దొరికితే దొరకొచ్చు గని దొడ్డు గింజ దొరకదు. ముందు నీ పొయ్యి జూస్కో పో."

ఒచ్చి పొయ్యి బర్నరు చింతపండు పెట్టి తోమిన. అయినా అదే కథ. మెతుకు పిసికి చూడలేదా అంటవ్. చూసిన బిడ్డా, చూడకేం. గని పాట అయిపోయింది గదా అని చెయ్యి తొందర పెడ్తది. వేలు చెప్పింది ఇనలే, చెవు చెప్పిందే ఇన్న.

మా మీద రూముల వాసు అని గోదావరి దిక్కు పిలగాడు కిరాయికుంటుండె. పిల్లంగోవి వాయిస్తడు. పెండ్లి రిసెప్షన్లల, ఆర్కెస్ట్రాలల. పెండ్లాం పద్మ కోచింగ్ సెంటర్ల ఫోన్లు ఎత్తే పని చేస్తుండె. ఒకనాడు గా పిలగాడు కరివేపాకు కోసం ఒచ్చి, వాకిట్లనే ఆగిండు.

"పిన్నిగారూ, పాట అప్పుడే అయిపోయిందేంటండీ? రెండో చరణం ఏది?"

"నన్నడిగితే? నేనేమన్న దాసుకున్ననా?"

"కోసేశారండీ. చరణం, దాని ముందుండే మ్యూజిక్కు, మొత్తం లేపేశారు. ఈ మధ్య అన్ని పాటలూ ఇంతే."

పాటను కోస్తరా! బెండకాయనా కోయనీకి? అప్పుడు సమజైంది, నా అన్నం ఏడ ఉడుకుతలేదో. పాపం, యాదగిరిని అన్నన్ని మాటలంటి. మరునాడు గిన్నెడు పాయసం పంపిన. నాలుగో పాట దాకా ఆగి చూసిన గని లెక్క కుదరలే. ఒకదాన్ని ఇంత కోస్తరు, ఒకదాన్ని అంత.

నాది అన్నమే గదా, జరసేపు ఎక్కువ ఉడికిస్తే అయిపాయె. వాసు సంగతే పెద్దగైంది.

గా పిలగానికి ఒక సినిమా పాటల వాయించే అవకాశం ఒచ్చింది. ఏండ్ల తరబడి తిరిగితే ఒచ్చింది, ఒక్క ముక్క. రెండో చరణం ముందట, పిల్లంగోవి ఒక్కటే. బస్తీల కనబడ్డోళ్లకల్ల చెప్పిండు, "రెండో చరణానికి ముందు వచ్చేది నేనేనండీ" అని. తుర్కయంజాల్‌ల పద్మ నాయనకు రంగుల దుకాణం ఉండె, ఆయనకు గూడ చెప్పిండు. ఆ పెద్దమనిషి దుకాణంల పొద్దంత రేడియో పెట్టుకుంటడు. గిరాకీలను గూడ ఆపి, "మా అల్లుడు వాయించాడు, వినండి" అన్నడట. పల్లవి ఒచ్చింది, ఒక చరణం ఒచ్చింది, ఎంటనే ప్లాట్లు కొనుక్కోమని అడ్వర్టైజు ఒచ్చింది. అయిపాయె.

ఫోను చేసిండు. "అల్లుడు గారూ, పాట విన్నామండీ. మీరు ఊదింది ఎక్కడో చెబితే ఈసారి జాగ్రత్తగా వింటాం."

సెల్లుల ఇనిపియ్యలేదా అంటవా? ఇనిపిచ్చిండు. "సెల్లులో ఎవరైనా ఏదైనా పెట్టుకుంటారు బాబూ, రేడియోలో వస్తే లెక్క గానీ. ఒకటో తారీఖు నుంచి వచ్చి షాపులో కూర్చోండి" అన్నడు. ఆయన చెడ్డోడు గాదు బిడ్డా. బిడ్డ కష్టపడుతున్నదని ఆయన బాధ ఆయనది.

వాసు దోస్తు ఒకడు, డోలక్ వాయించేటోడు, నా మెస్సులనే తినుకుంట సముదాయిస్తుండె. "వాయించాం, డబ్బులిచ్చారు, ఎంత వేస్తే మనకేంట్రా?"

"నీ డోలక్ పాటంతా ఉంటుంది. ఎంత కోసినా నువ్వు మిగులుతావు. నాది ఒకే చోటు" అన్నడు వాసు. అని చెయ్యి కడుక్కొని మీదికి పోయిండు.

ఆ రోజే పిల్లంగోవుల సంచి సజ్జ మీదికెక్కింది. రెండు రోజులకు పద్మ నా దగ్గరికొచ్చింది. "ఇంట్లో చప్పుడు లేదు పిన్నిగారూ. పొద్దున్నే సాధన వింటూ ముగ్గేసేదాన్ని. ఇప్పుడు చుక్కలు పెట్టబుద్ధి కావట్లేదు" అన్నది. ఒకటో తారీఖు ఎంతో దూరం లేకుండె.

ఇగ నాకేం పుట్టిందో! హాస్టల్ పిల్లను ఒకామెను పిలిచి, "ఆ రేడియోకు ఫోను కలుపు బిడ్డా" అన్న. కలిసేదాక కలిపింది.

"హాయ్, ఎవరు మాట్లాడుతున్నారు?"

"అన్నం వండే ఆమెను. బిడ్డా, మీరు పాటలు కురచ చేసిన్రు, నా అన్నం పలుకైంది."

నేను ఎసరు కాడి నుంచి మొత్తం చెప్పిన. గా రేడియో పిల్ల నవ్వింది, మల్ల మెల్లగ అన్నది, "పెద్ద పాటలు వేస్తే వినేవాళ్లు స్టేషన్ మార్చేస్తారమ్మా, అందుకని."

"ఎవరు మారుస్తరు బిడ్డా? నా చేతులకు గంజి. కింద టైలరు చేతులు మిషను మీద. బస్సు డ్రైవరు చేతులు స్టీరింగు మీద. మేమెవ్వరం మారుస్తలేం. మీరే మారుస్తున్నరు."

"ఏ పాట వెయ్యమంటారమ్మా?"

వాసు పాట చెప్పిన. మొత్తం వెయ్యాలె, తోక గూడ తియ్యొద్దు అన్న. "పైన అడిగి చూస్తానమ్మా, రేపు ఇదే టైముకు వినండి" అన్నది.

మరునాడు పద్మ వాళ్ల నాయనకు చెప్పింది, రేడియో దగ్గరుండుమని. వాసును నేను కిందికి పిలిచిన. "ఎందుకండీ, మళ్లీ నవ్వులపాలు" అనుకుంటనే ఒచ్చి, దర్వాజ బయటనే నిలబడ్డడు. పిల్లలు పళ్లాలు పట్టుకొని వంటింటి కాడనే గుమిగూడిన్రు.

గా పిల్ల మాట తప్పలే. "చైతన్యపురి నుంచి ఒక అమ్మ అన్నం ఉడకలేదని ఫోన్ చేసింది, ఇది ఆమె కోసం" అన్నది. పల్లవి పోయింది. చరణం పోయింది. మల్ల పల్లవి. రోజు కోసే జాగ ఒచ్చిందనంగ, పద్మ నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నది. పాట ఆగలే.

పిల్లంగోవి ఒచ్చింది బిడ్డా. ఎట్ల చెప్పాలె... ఎండల నడిచొచ్చినోనికి కుండల నీళ్లు ముంచిచ్చినట్టు. ఒక్కడే ఊదుతుండు, ఎనక ఏం లేదు. అన్ని రోజులు మా మీద రూముల సాధన చేసినప్పుడు ఇన్నదే, అయినా కొత్తగుండె. వాసు దర్వాజకు తల ఆనిచ్చి, నేల దిక్కు చూసుకుంట ఇన్నడు.

పాట అయిపోయినంక ఎవడో "ఆంటీ, వాసన!" అన్నడు. నా అన్నం! గంజి వంచుడు మరిచిన. మొత్తం ముద్ద, అడుగంటింది గూడ. గా ముద్దల ఇంత పెరుగు, మామిడికాయ తొక్కు ఏసుకొని తిన్నరు పోరగాండ్లు. "మొన్నటిదాకా పలుకు, ఇయ్యాల లేహ్యం" అని నన్నే ఎక్కిరిచ్చుకుంట.

గప్పుడే ఫోను మోగింది, మామది. వాసు ఇనుకుంట ఉన్నడు. ఫోను పెట్టినంక, "ఏమన్నడు నాయినా?" అన్న.

"షాపులో కుర్చీకి వేరే మనిషిని చూసుకుంటారటండీ" అన్నడు. అని మెట్లెక్కి పోయిండు. జరసేపటికి మీద రూముల, సజ్జ కింద స్టూలు గుంజిన చప్పుడు ఇనొచ్చింది.

గా రేడియో పిల్ల ఆ తర్వాత రోజుకో పాట పూర్తిగ వేసింది, అన్నం పాట అని పేరు పెట్టి. ఆమె వేరే ఊరు పోయేదాక నడిచింది. ఇప్పుడా? ఇప్పుడు పాటలు పుట్టుడే పొట్టిగ పుడుతున్నయ్. వాసు మొన్న దసరాకు ఒచ్చిండు, ఎల్బీనగర్‌ల పిల్లలకు నేర్పుతుండు, రికార్డింగులకు పోతుండు. "జాగా తక్కువిస్తున్నారండీ పిన్నిగారూ, ఆ ఉన్నదాంట్లోనే ఊపిరంతా పెడుతున్నాను" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. పాటలు మల్ల పెద్దగైతయో కావో, నాకేం ఎరుక? గని ఇనేటోళ్లున్నరు. అడిగితే వేసేటోళ్లు గూడ ఉన్నరు.

ఏందట్ల చూస్తున్నవ్? ఆఁ, గిదే. నీ సెల్లుల ఇప్పుడు మూడోదిగ పాడుతున్నదే గా పాట. అందుకే మార్చొద్దన్న. నీ బతుకుల ఎవ్వలూ ఏ ముక్క కోయకుండాలె బిడ్డా, సల్లగుండు. ష్... గిప్పుడొస్తది, ఇను. మసిగుడ్డ నువ్వే పట్టు, నేను మల్ల మరిచిపోతనేమో...