లిఫ్టు లేని ఇంటి నుంచి ఫోన్

వేదిక మీదున్న మేనేజరుగారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డ మెకానిక్ సోదరులకు, టీ కప్పులు ఇంకా చేతుల్లోనే ఉన్న మా ఫోన్ల గది అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇవాళ్టితో రిటైరవుతున్నాను గానీ, ఇన్నేళ్లూ ఈ సంస్థలో పనిచేసింది నా గొంతే, నా మొహం చూసినవాళ్లు తక్కువ. ఊళ్లో ఏ లిఫ్టు ఆగిపోయినా, లోపలున్నవాళ్లు ఎర్ర బటన్ నొక్కితే మోగేది మా గదిలోనే కాబట్టి, "కంగారు పడకండి, గాలి ఆడుతుంది, మనిషి బయల్దేరాడు" అన్న మూడు ముక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ మూడు ముక్కలయ్యాకే అసలు పని మొదలవుతుంది. తలుపు తెరుచుకునేదాకా ఫోన్ పెట్టెయ్యకూడదు. భయపడొద్దు, భయపడొద్దు అని మాటిమాటికీ అనకూడదు, అంటే ఇంకా భయపడతారు. ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉండాలి. ఒక పెద్దాయన తన అల్లుళ్ల గురించి మొదలుపెట్టి, మెకానిక్ వచ్చి తలుపు తీసినా బయటికి రాకుండా, ఉండమ్మా, చిన్నల్లుడి సంగతి ఇంకా పూర్తి కాలేదు అన్నారు. (నవ్వులు)

ఇందాక మేనేజరుగారు నా ఓపికని ఆకాశానికెత్తేశారు. అది పుట్టుకతో వచ్చిందన్నారు. లేదండీ, నాకు పుట్టుకతో వచ్చింది ముక్కు మీద కోపం. అదుగో, నా పక్క కుర్చీలో ఇన్నేళ్లూ కూర్చున్నావిడ, నేను వదిన అని పిలిచే ఆవిడ, తలూపుతోంది చూడండి. ఓపిక మా తమ్ముడి వల్ల వచ్చింది. మీలో చాలామందికి తెలుసు, తెలిసినా నా ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు, అది మీ మర్యాద. ఇల్లు గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు. మరి ఆ రోగమే ఇంటి గుట్టైతే ఏం చెయ్యాలో వాళ్లు చెప్పలేదు. కాబట్టి ఇవాళ నేనే చెప్తాను.

మా తమ్ముడికి మానసిక వ్యాధి ఉంది. కాలేజీ రోజుల్లో మొదలైంది. ఎవరూ లేని గదిలో వాడికి గొంతులు వినిపిస్తాయి. తిడతాయి, అన్నం తినొద్దంటాయి, తలుపు తియ్యొద్దంటాయి. మందులున్నాయి, మంచి డాక్టరమ్మ ఉంది, కుదురుగా ఉన్న నెలల్లో కూరలు తరిగిపెట్టి, నా వంటకి వంకలు పెట్టి, ఏ తమ్ముడైనా తీసినట్టే నా ప్రాణం తీస్తాడు. కుదుటపడ్డాడని నేను ఊపిరి పీల్చుకునేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరం పంచుకున్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

గొంతులు ఎక్కువైతే నాకు ఫోన్ చెయ్యమని వాడికి మా గది నంబరు ఇచ్చాను. ఒక మధ్యాహ్నం నేను భోజనానికి లేచినప్పుడు మోగితే వదిన ఎత్తింది. లోపల చాలామంది ఉన్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నన్ను తలుపు తియ్యనివ్వట్లేదు అన్నాడట. ఇంకేముంది, మా వదినకి డ్యూటీ అంటే డ్యూటీయే. ఎంతమందండీ లోపల, ఊపిరి ఆడుతోందా, బరువు ఎక్కువైనట్టుంది, ఎవరూ బటన్లు నొక్కకండి అని చెప్పి, అడ్రసు రాసుకుని, మెకానిక్‌ని పంపించేసింది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ అడ్రసు చూశాను. మాది ఒక్క అంతస్తు ఇల్లు. పైన నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. (నవ్వులు) నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం సంచీ కూడా తీసుకోకుండా ఆటో ఎక్కాను.

ఆటో దిగి పరిగెత్తేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అయినవాళ్లు కొడితే తియ్యని తలుపు, ఆస్పత్రి మనుషులొస్తే లోపలినుంచి బీరువా అడ్డం పెట్టిన తలుపు. వెళ్లింది ఎవరో మీకు తెలుసు, మీరంతా స్పానర్ బాబాయి అని పిలిచే ఆయన, అదుగో, మూల నిలబడి తల దించుకున్నారు. లోపల ఆయనా మా తమ్ముడూ నేలమీద కూర్చుని ఉన్నారు. సామాన్ల సంచీ తెరిచి ఉంది. ఆయన గొళ్లేనికి నూనె వేస్తుంటే వాడు స్క్రూడ్రైవర్ అందిస్తున్నాడు. నన్ను చూసి బాబాయి ఒకటే మాటన్నారు.

"గొళ్లెం బిగుసుకుపోయిందమ్మా. అబ్బాయి చెప్పింది నిజమే."

నిజమే అన్న మాట వాడి గురించి ఎవరైనా అనగా నేను వినడం అదే మొదలు. ఇంట్లో మేమంతా, అవేం లేవురా, అంతా నీ భ్రమరా అని చెప్పిచెప్పి గొంతులు పోగొట్టుకున్నాం. వాడు పిలిచాడు, ఈయన వచ్చారు, అంతే. ఆ తర్వాత సెలవురోజున ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నారు. మా ఇంట్లో ఇప్పుడు చప్పుడు చేసే తలుపు ఒక్కటి కూడా లేదు. (నవ్వులు)

పొద్దుట్నుంచీ అందరూ నాతో ఒకటే అంటున్నారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి అని. మంచి వాలుకుర్చీ కూడా ఇచ్చారు, సంతోషం. కానీ పెద్దల ముందు అబద్ధమాడలేను. నాకు ఈ ఆఫీసే విశ్రాంతి. ఇక్కడ ఇరుక్కున్నవాళ్లు కాసేపటికి బయటికొచ్చేవారు, కొందరు థాంక్స్ కూడా చెప్పేవారు. ఇంట్లో ఆ లెక్క ఉండదు. వాడంటే నాకు ప్రేమే, అయినా కొన్ని సాయంత్రాలు మా వీధి మలుపు దాకా వెళ్లి, ఇంటికి పోబుద్ధి కాక, మందుల షాపు ముందు ఊరికే నిలబడ్డాను. అలిసిపోయానండీ. ఇది ఒక వారం నిద్రపోతే తీరే అలసట కాదు.

ఇవాళ పొద్దున బయల్దేరుతూ, రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాను కదరా అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. వాడు చెప్పులు తొడుక్కుంటున్న నా కాళ్లవైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంట్లో నువ్వు పిలిస్తే నువ్వో, అవో ఒక్కోసారి తెలీదక్కా. ఫోన్లో అయితే ఖాయం. అవి ఫోన్లోకి రావు."

దారంతా అదే ఆలోచించాను. నేను బయటికి వెళ్లి ఫోన్ చెయ్యగలను, చేస్తాను. కానీ ఈ లోకంలో వాడు నమ్మే గొంతు నాదొక్కటే అయితే, నేను మంచానపడ్డ రోజున వాడి గతేంటి? అందుకని, ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగనిదాన్ని, ఇవాళ అడుగుతున్నాను. మీలో వీలైనవాళ్లు మధ్యాహ్నం పూట వాడికి ఫోన్ చెయ్యండి. జాలి మాటలొద్దు, సలహాలొద్దు. మీ పిల్లల చదువో, మీ ఇంటి ఓనరు పీనాసితనమో, ఏదైనా ఫరవాలేదు. ఇరుక్కున్న మనిషిని మాట్లాడించడం ఊళ్లో మీకు వచ్చినట్టు ఎవరికీ రాదు.

ఇప్పుడు చేతులెత్తొద్దు. మొహమాటానికి ఒప్పుకుని మర్చిపోతే, వాడు పొద్దుగూకేదాకా ఫోన్ పక్కనే కూర్చుంటాడు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి. నంబరు వదిన దగ్గరుంది.

నన్ను భరించిన మేనేజరుగారికి, నా వంతు ఫోన్లు కూడా ఎత్తిన వదినకి, బాబాయికి, మీ అందరికీ కృతజ్ఞతలు. రేపు మధ్యాహ్నం మా ఇంట్లో ఫోన్ మోగితే నేను ఎత్తను. వాడే ఎత్తుతాడు. ఇక నాకు సెలవిప్పించండి.