ఎదురు సీటుకు కనిపించే గడియారం

అధ్యక్షస్థానంలో ఉన్న చీఫ్ ఇంజనీరు గారికి, పెద్దలకు, నాతోపాటు ఈ విభాగంలో నీటి గొట్టాల పటాలు గీస్తూ కళ్లజోళ్లు మార్చుకున్న మిత్రులకు నమస్కారం.

నా పనితనం గురించి చాలా చెప్పారు. అందులో సగం నా భార్యది. ఆమె ఉంటే ముప్పావు అనేది. (నవ్వులు)

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. ఆమెదీ ఈ విభాగమే, నా ఎదురు సీటు. మన కంప్యూటర్లలో ఉన్నది లినక్స్ కాబట్టి తెరను ఎవరికి నచ్చినట్టు వాళ్లు తీర్చిదిద్దుకోవడం, నెలాఖరు శుక్రవారం భోజనాలయ్యాక దాన్ని ప్రొజెక్టరుతో ఈ గోడ మీద వేసి గొప్పలు పోవడం, మిగతావాళ్లు వంకలు పెట్టడం మనకు అలవాటు. ఆమె తెరకు చప్పట్లు పడేవి. నాది మొదటినుంచీ ఉన్న బూడిద రంగే.

ఒకరోజు నేను సైటుకు వెళ్లొచ్చేసరికి నా తెర లేత ఆకుపచ్చగా మారింది. మూలన పెద్ద గడియారం. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి, ముళ్లు వెనక్కి నడుస్తున్నాయి. శుక్రవారం అది చూసి మన స్టోర్‌కీపరు, "గురువుగారూ, మీకు వయసు తగ్గుతోందండీ" అన్నాడు. అదుగో, ఇప్పుడూ నవ్వుతున్నాడు.

"ఏమిటిది?" అని ఆమెను అడిగాను.

"మీ చేతికి వాచీ ఉందిగా. ఇది నాకు. మీ వెనక బీరువా అద్దంలో సరిగ్గానే కనిపిస్తుంది. గోడ గడియారం నా వీపు వెనక ఉంది, ఎన్నిసార్లని మెడ తిప్పను?"

రోజుకు నలభైసార్లు అటు చూసేది. టైం కోసం అన్నిసార్లు చూడనక్కర్లేదని నాకు ఆలస్యంగా తట్టింది.

రెండేళ్ల క్రితం ఆమె పోయింది. నేను సెలవులో ఉండగా మన సిస్టమ్స్ అబ్బాయి నా కంప్యూటర్‌కు మరమ్మతులు చేస్తూ, మంచి మనసుతోనే, గడియారాన్నీ సరిచేశాడు. తిరిగొచ్చి చూశాను. కుడివైపుకు నడుస్తోంది.

"బాబూ, దీన్ని మళ్లీ పాడుచెయ్యి" అన్నాను. ఎందుకని అడగలేదు. ఒక పూటంతా కూర్చుని పాడుచేశాడు. నాయనా, ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, కృతజ్ఞతలు.

రేపు నా కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపి వేరేవాళ్లకిస్తారు. అది పద్ధతి. నేనేమీ అడగకూడదనే అనుకున్నాను. కానీ ఇప్పుడు ఎదురు సీట్లో ఉన్న అమ్మాయి మొన్న నా దగ్గరకొచ్చి, "సార్, మీరు వెళ్లాక ఆ గడియారం తీసేస్తారా? ఏడాదిగా నేను అద్దంలో అదే చూసుకుంటున్నాను" అంది.

కాబట్టి ఇంజనీరుగారూ, ఒక్క కోరిక. మిగతాదంతా చెరిపేయండి. గడియారం ఉండనివ్వండి.

(ఇంజనీరుగారు తలూపారు. చప్పట్లు)

మీరు బహూకరించిన గోడ గడియారం సవ్యంగానే తిరుగుతోంది. ఫర్వాలేదు, అలవాటు చేసుకుంటాను. (నవ్వులు)

అందరికీ ధన్యవాదాలు. నా సీట్లోంచి చూస్తే ఏడు. ఆమె సీట్లోంచి ఐదయింది, ఇంటికి వెళ్లే వేళ.

సెలవు.